చిలకను దోసిట్లో పెట్టి

దీపం ఆర్పాక "మాయల ఫకీరు ఇప్పుడెక్కడున్నాడు?" అని నాలుగేళ్ల పిల్ల అడిగితే మన నోటికి చప్పున వచ్చేది ఒకటే: "అదంతా ఉత్తిదేనమ్మా, పడుకో." పాపం, ఆ మాటకి పిల్ల పడుకోదు. దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంటుంది.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. అమెరికాలో జోన్ కాంటర్ అనే ఆచార్యురాలు, బార్బరా విల్సన్‌తో కలిసి 'విజార్డ్ ఆఫ్ ఓజ్' సినిమాలోని మంత్రగత్తె ఘట్టాన్ని పిల్లలకు చూపించి, ఫలితాలు 1984లో ప్రచురించారు. ఇది నిజం కాదని గుర్తుంచుకుని చూడమంటే తొమ్మిది నుంచి పదకొండేళ్ల వాళ్లకు భయం తగ్గింది. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు ఆ మాట పనిచేయలేదు.

పెద్దవాళ్లకి మాత్రం ఏం పనిచేసింది? తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న ఊళ్లు మనవే కదా. దయ్యాల్లేవని చెప్పేవాళ్లు ఆ ఊళ్లలోనూ ఉండేవుంటారు. అయినా తలుపు మీద ఆ ముక్క రాశాకే జనానికి నిద్రపట్టింది. చీకట్లో పెరట్లోకి వెళ్లాల్సొస్తే మేమంతా ఆంజనేయ దండకం ఎత్తుకునేవాళ్లం. చేతికో నోటికో పని దొరికితే భయం కాస్త పక్కకి జరుగుతుంది.

ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చెప్పే నేను బాలనాగమ్మను వదులుకోనిది అందుకే. బుర్రకథల వాళ్లు ఊరూరా చెప్పిన కథ, 1942లో జెమినీ వాళ్లు సినిమాగా తీసిన కథ. చంటిబిడ్డ తల్లి బాలనాగమ్మను మాయల ఫకీరు కుక్కను చేసి ఎత్తుకుపోవడం కంటే ఘోరం ఆ వయసుకి ఇంకేముంటుంది? కానీ విరుగుడూ అందులోనే ఉంది. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. దాన్ని పట్టి తెచ్చేది మీసమైనా రాని బాలవర్ధిరాజు, ఆ తల్లి కొడుకే.

చిలక దొరికిందనగానే అందరిచేతా దోసిళ్లు పట్టిస్తాను. ఒక్కొక్కరి దోసిట్లో ఉత్తుత్తి చిలకను పెట్టి, "గట్టిగా నొక్కకండి, దానికి ఊపిరాడదు" అంటాను. అంతే, ఫకీరును మరిచిపోయి చిలక కోసం కంగారు పడిపోతారు. ఒక పిల్ల దోసిలి విప్పకుండా మోచేతులతో తలుపు తోసుకుంటూ ఇంటికి వెళ్లింది. ఆ రాత్రే వాళ్లమ్మ ఫోను: "ఏంటండీ ఇది, అన్నానికి కూడా చెయ్యి తియ్యనంటోంది!" ఇంకో బుడతడు అసలు చిలకను చంపడానికే ఒప్పుకోలేదు. "ఫకీర్ని చంపు, చిలకని చంపొద్దు" అన్నాడు. రెండూ ఒకటేరా అంటే వినడే! చివరికి చిలకను పంజరంలో పెట్టి తాళంచెవి వాడి జేబులో వేశాం. అసలు కథకు ఇది అపచారమేమో గానీ, ఆ రోజుకి ఫకీరు గట్టి కాపలాలోనే ఉన్నాడు.

నాకు కొన్ని పట్టింపులున్నాయి. ఫకీరు రాగానే గొంతు మార్చను, కళ్లు ఉరమను. పసివాళ్లు కథలోని ఘోరానికే కాదు, తెలిసిన ముఖం ఉన్నట్టుండి తెలియని ముఖమైపోయినా భయపడతారు. టైమైపోయిందని సగంలో ఆపను. ఫకీరు బతికుండగా ఎవర్నీ ఇంటికి పంపేది లేదు.

నాకు ఒళ్లు మండేది బూచాడి దగ్గర. "అన్నం తినకపోతే బూచాడికి ఇచ్చేస్తా" అంటారు చూడండి, ఆ కథకు మొదలూ లేదు, చివరా లేదు. బూచాడి ప్రాణం ఏ చిలకలో ఉందో ఎవరూ చెప్పరు. పైగా ఇచ్చేసేది ఎవరో కాదు, అమ్మే. అలాంటప్పుడు భయమేస్తే పిల్ల ఎవరి దగ్గరికి పరిగెత్తాలి? తినకపోతే కంచం తీసేయండి, ఆకలేస్తే తనే వచ్చి అడుగుతుంది.