అజ్ఞాతం, అనామకం, ఆకాశరామన్న: పేరులేనితనపు అర్థభేదాలు – సాహిత్యచరిత్రలో వాటి వినియోగం

ప్రస్తావన

తాళపత్ర ప్రతుల వివరణ పట్టికలలోను, గ్రంథాలయ సూచికలలోను, జానపద గేయ సంకలనాలలోను 'కర్త: అజ్ఞాతం' అన్న నమోదు తరచుగా కనిపిస్తుంది. ఆంగ్లంలోని 'అనానిమస్' అన్న మాటకు సమానార్థకంగా ఈ పదం పరిశోధన పరిభాషలో స్థిరపడిపోయింది. నిత్యవ్యవహారంలో మాత్రం తెలుగువారు ఈ భావాన్ని ఒకే మాటతో చెప్పరు. అజ్ఞాత భక్తుడు, అనామకుడు, గుర్తుతెలియని వ్యక్తి, ఆకాశరామన్న, గుప్తదాత, ఊరూ పేరూ లేనివాడు – ఇవన్నీ పేరు తెలియని మనిషిని సూచించే మాటలే అయినా ఒకదాని స్థానంలో మరొకటి ఇమడదు. వ్యవహారం పాటిస్తున్న ఈ విచక్షణను సాహిత్యచరిత్ర పాటించడం లేదని, దానివల్ల కొన్ని వర్గాల రచనకు అన్యాయం జరిగిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదనిర్మాణం

'అనానిమస్' అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి 'పేరు లేనిది' అని అర్థం. నిర్మాణరీత్యా దానికి సరిగ్గా సరిపోయే సంస్కృతసమం 'అనామకం'. పేరు లేనిది ఏదో అది అనామకం. ఇది నఞ్ బహువ్రీహి. 'అజ్ఞాతం' నిర్మాణం వేరు. జ్ఞాతం కానిది అజ్ఞాతం. ఇది నఞ్ తత్పురుష. మొదటి మాట వస్తువుకు ఉన్న ఒక లోపాన్ని చెబుతుంది. రెండవది, తెలుసుకునేవాడికి ఉన్న ఒక పరిమితిని చెబుతుంది. జ్ఞాతం అనగానే 'ఎవరికి?' అన్న ప్రశ్న పుడుతుంది. అజ్ఞాతం అన్నప్పుడు కూడా ఆ ప్రశ్న పుట్టాలి. 'కర్త అజ్ఞాతం' అన్న వాక్యంలో ఆ 'ఎవరికి' అన్నది లోపించింది. ఈ చిన్న లోపమే తరువాతి చర్చకంతటికీ ఆధారం.

సంస్కృతంలో నాలుగవ వేలిని 'అనామిక' అంటారు. కవులను వేళ్ళపై లెక్కించేటప్పుడు చిటికెనవేలిపై కాళిదాసును ఎంచగా, ఆయనకు దీటైనవారు లేక తరువాతి వేలి పేరు సార్థకమైందన్న చమత్కారం ఒక సుభాషితంలో ఉంది. కవుల పేర్లు లెక్కించే ఆ శ్లోకం ఎవరి పేరుతోనూ ప్రసిద్ధం కాలేదు. తెలుగువారు అదే వేలిని 'ఉంగరపు వేలు' అన్నారు. పేరు లేదని చెప్పడం కన్నా దాని పనిని బట్టి ఒక పేరు పెట్టడం వ్యవహారానికి సహజం. కింది ఉదాహరణలలోనూ ఈ స్వభావం కనిపిస్తుంది.

వ్యవహారంలో అర్థభేదాలు

ఒక పదం స్థానంలో మరొక పదాన్ని ఉంచి చూస్తే వాటి మధ్య తేడా తేటపడుతుంది. 'ఒక అజ్ఞాత భక్తుడు స్వామికి కిరీటం సమర్పించాడు' అన్న వాక్యంలో గౌరవం ఉంది. అక్కడ 'అనామక భక్తుడు' అంటే కిరీటం ఇచ్చినవాడు చిన్నబోతాడు. 'నిన్నటిదాకా అనామకుడైన ఆటగాడు' అన్నచోట 'అజ్ఞాతుడైన' అంటే అతడు ఎక్కడో దాక్కున్నాడన్న అర్థం వస్తుంది. రోడ్డు ప్రమాద వార్తలలో 'గుర్తుతెలియని వాహనం' అంటారు గాని 'అజ్ఞాత వాహనం' అనరు. అక్కడ వెతకవలసిన బాధ్యత ఇంకా మిగిలి ఉంది. మొత్తం మీద అనామకత్వం సామాజిక స్థాయిని, అజ్ఞాతత్వం ఇష్టపూర్వకమైన మరుగును, గుర్తుతెలియనితనం పూర్తికాని విచారణను సూచిస్తాయి.

'అజ్ఞాతం' అన్న మాట తెలుగులో ఒక చోటును సూచించే పదంగా కూడా మారింది. 'అజ్ఞాతంలోకి వెళ్ళాడు', 'అజ్ఞాతంలో ఉన్నాడు', 'అజ్ఞాతం వీడాడు' అన్న ప్రయోగాలు ఇందుకు నిదర్శనం. దీని వెనుక భారతంలోని అజ్ఞాతవాసం ఉంది. తిక్కన తన రచనకు శ్రీకారం చుట్టిన విరాటపర్వం ఈ కథే. అందులో పాండవులు పేరులేనివారుగా బతకలేదు. ధర్మరాజు కంకుడు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, నకులుడు దామగ్రంథి, సహదేవుడు తంత్రీపాలుడు, ద్రౌపది మాలిని అయ్యారు. విరాటుని కొలువుకు వారు సుపరిచితులు. దుర్యోధనుడి చారులకు మాత్రమే అజ్ఞాతులు. తెలంగాణ సాయుధ పోరాటకాలంలోను, తరువాతి విప్లవోద్యమంలోను 'అజ్ఞాత జీవితం' అన్న మాట ఈ అర్థాన్నే కొనసాగించింది. వెతికేవారికి తెలియని మనిషి, అన్నం పెట్టిన ఊరికి మరో పేరుతో తెలిసినవాడే. ఇక్కడ అజ్ఞాతం అంటే పేరు లేకపోవడం కాదు. ఎవరికి ఏ పేరు తెలియాలో నిర్ణయించుకోగల స్థితి.

ఇదే స్థితికి నిందార్థక రూపం 'ఆకాశరామన్న'. సంతకం లేని ఫిర్యాదును, మారుపేరుతో వచ్చిన ఉత్తరాన్ని తెలుగువారు 'ఆకాశరామన్న ఉత్తరం' అంటారు. పేరు చెప్పనివాడికి భాష ఒక పేరు పెట్టింది. 'అన్న' అని వరుస కూడా కలిపింది. చిరునామాగా ఆకాశాన్ని ఇచ్చింది. పిలవడానికి పేరుంది గాని పట్టుకోవడానికి చోటు లేదు. కార్యాలయ వ్యవహారం ఇటువంటి ఉత్తరాలను శంకిస్తుంది. పేరులేని, మారుపేర్లతో వచ్చే ఫిర్యాదులపై చర్య తీసుకోరాదని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లో ఆదేశించింది. దీనికి రెండవ పార్శ్వం కూడా ఉంది. పైఅధికారి అక్రమాన్ని సంతకం పెట్టి చెప్పగల ధైర్యం అందరికీ ఉండదు. ఆకాశరామన్న ఉత్తరాలలో కక్షతో రాసినవీ ఉంటాయి, గత్యంతరం లేక రాసినవీ ఉంటాయి. మాటలోని వెటకారం రెండింటినీ ఒకే గాటన కడుతుంది.

గుప్తదానం దీనికి ఎదురుగా నిలుస్తుంది. గుడిలో పంకా రెక్కల మీద దాత పేరు, గోత్రం రాయించడం ఎంత పరిచితమో, హుండీలో పేరు లేకుండా వేయడం అంత పరిచితం. రెండు చోట్లా దాతకు ఎంపిక ఉంది. పరిశోధన పత్రికలలో వ్యాసాన్ని పరిశీలించేవారి పేరు వ్యాసకర్తకు చెప్పకపోవడం కూడా ఈ కోవలోనిదే. ఇది నియమబద్ధమైన గోప్యత. పేరు ఎక్కడో ఒకచోట నమోదై ఉంటుంది. సంపాదకుడికి తెలిసే ఉంటుంది.

సాహిత్యచరిత్రలో 'అజ్ఞాతం'

ఈ నేపథ్యంలో సాహిత్యచరిత్రను పరిశీలిస్తే మొదటి ఉదాహరణ శాసనాలలోనే లభిస్తుంది. క్రీ.శ. 848 నాటిదిగా చరిత్రకారులు నిర్ణయించిన అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉంది. లభించిన తొలి తెలుగు పద్యాలలో ఇది ఒకటి. సేనాని పండరంగని విజయాలు, దానం అందులో చెక్కి ఉన్నాయి. పద్యం కూర్చినవారి పేరు లేదు. ఆ కాలంలో ఆ పద్యకర్త ఎవరికీ తెలియనివాడు కాడు. శాసనం పని దానాన్ని నిలబెట్టడం గనుక దానికి కావలసిన పేర్లనే రాయి మోసింది. రాయించినవారి అవసరమే ఏ పేరు నిలవాలో తేల్చింది.

కావ్యయుగంలో ఆ అవసరం మారింది. అవతారికలో కవి తన వంశాన్ని, కృతిభర్త వంశాన్ని వర్ణించాడు. ఆశ్వాసాంత గద్యలో తన పేరును, తండ్రి పేరును మళ్ళీ మళ్ళీ నమోదు చేశాడు. కృతి ఒక దానం. గద్య దానికి సంతకం. ఈ సంతకం లేనిచోట సమాజం తానే ఒక పేరును అతికించింది. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరిలో కూర్చినటువంటి చాటువులలో అనేకం శ్రీనాథుడు, తెనాలి రామకృష్ణుడు వంటి ప్రసిద్ధుల పేర్ల చుట్టూ చేరాయి. అవి నిజంగా వారివేనా అన్నది వేరే చర్చ. సి.పి. బ్రౌన్ ప్రతులు సేకరించి 1829లో వేమన పద్యాలు ప్రకటించిన నాటినుంచి ఏది వేమనది, ఏది కాదు అన్న వాదం సాగుతూనే ఉంది. మకుటం అందరికీ అందుబాటులో ఉంది కనుక, ఆ మాట చెప్పదలచిన ఎవరైనా ఆ మకుటం కింద చెప్పగలిగారు. ఇక్కడ కర్త పేరు లేకపోవడం సమస్య కాదు; ఒకే పేరు కింద అనేకులు ఉండడం సమస్య. దీనినీ అజ్ఞాతమనే అంటే విషయం మరుగున పడుతుంది.

పదసాహిత్యం మరొక దారి చూపుతుంది. అన్నమయ్య సంకీర్తనలలో ముద్ర వేంకటేశ్వరునిది. ఆయన కొడుకు పెదతిరుమలయ్య, మనుమడు చినతిరుమలయ్య కూడా ఆ ముద్రతోనే రాశారు. పాటను మాత్రమే విన్నవారికి ఏది ఎవరిదో తేల్చడం కష్టం. రాగిరేకులు దొరికాయి కనుక కర్తలు వేరుపడ్డారు. కర్త పేరును పాటకన్నా రేకు ఎక్కువగా కాపాడింది. రేకు చెక్కించడానికి సంపద, ఆలయాశ్రయం, భద్రపరచడానికి భాండాగారం అవసరమయ్యాయి.

ఇవేవీ లేని పాటల స్థితి స్త్రీల రామాయణపు పాటలలో కనిపిస్తుంది. 'కృష్ణశ్రీ' పేరుతో కూర్చిన సంకలనాన్ని ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ప్రచురించింది. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు వంటి పాటలు తల్లుల నుంచి కూతుళ్ళకు, అత్తల నుంచి కోడళ్ళకు నోటిమీదుగా వచ్చాయి. చాలా పాటల చివర ఫలశ్రుతి ఉంటుంది. పాడినవారికీ విన్నవారికీ ఫలం చెబుతుంది. కట్టినవారి ప్రసక్తి అంతగా ఉండదు. సూచికలో ఈ పాటల పక్కన 'అజ్ఞాతం' అని రాయడంలో రెండు దోషాలున్నాయి.

మొదటిది, తెలిసినదానిని తెలియనిదిగా చూపడం. వెల్చేరు నారాయణరావు ఈ పాటలపై 1991లో వెలువడిన ఆంగ్ల వ్యాసంలో బ్రాహ్మణ స్త్రీలు పాడే రామాయణానికి, ఇతర కులాల స్త్రీలు పాడే రామాయణానికి మధ్య దృక్పథభేదాన్ని వివరించారు. ఒక పాట ఏ ఇంటి వసారాలో, ఏ పని మధ్యలో, ఎవరి మధ్య పాడబడుతుందో తెలిసినప్పుడే ఆ భేదం బయటపడుతుంది. పాడిన మనిషి సేకర్త ఎదుట కూర్చునే పాడింది. ఆమెకు పేరుంది, ఊరుంది, కులముంది. వాటిని రాసుకోని పక్షంలో 'అజ్ఞాతం' అన్న మాట పాట లక్షణాన్ని గాక సేకర్త నోటుపుస్తకపు లక్షణాన్ని తెలుపుతుంది. రెండవ దోషం, లేని ఏకకర్తను ఊహించడం. మౌఖిక పరంపరలో ప్రతి గాయని కొంత విడిచి కొంత చేర్చి పాడుతుంది. 'అజ్ఞాత కవి' అన్నప్పుడు ఎక్కడో ఒక మూలపురుషుడు ఉండి ఉంటాడని, అతని పేరు మాత్రమే పోయిందని భావన కలుగుతుంది. ఆ మాట పుంలింగంలో నిలవడం కూడా గమనించదగ్గదే.

దీనికి ఒక ఆక్షేపణ ఉండవచ్చు. జానపద సాహిత్యానికి అజ్ఞాతకర్తృకత్వమే ప్రధాన లక్షణమని, కర్తలను వెతకడం ఆ సాహిత్య స్వభావానికే విరుద్ధమని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. సమష్టి రచన అన్న అంశంలో ఇది అంగీకరించవలసినదే. అయితే సమష్టి అన్నది పేర్లు లేని గుంపు కాదు. బిరుదురాజు రామరాజు 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందిన నాటినుంచి తెలుగు జానపద పరిశోధన క్షేత్రపర్యటనను పునాదిగా చేసుకుంది. క్షేత్రానికి వెళ్ళిన పరిశోధకుడి పేరు గ్రంథం ముఖపత్రం మీద నిలుస్తుంది. పాడినవారి పేరు లేకపోతే ఆ గ్రంథంలో జ్ఞాతుడైన కర్త ఒక్కడే మిగులుతాడు. పాట స్వభావం పేరుతో సమర్థించుకున్నది, చివరకు నమోదులోని అసమానతను కప్పిపుచ్చుతుంది.

ముగింపు

పై పరిశీలనను బట్టి 'అజ్ఞాతం' అన్న ఒక్క నమోదు కింద నాలుగు భిన్న స్థితులు ఉన్నాయని తేలుతుంది. కర్త తానుగా దాచుకున్న పేరు గుప్తం. సమాజం అతికించిన పేరు ఆపాదితం. అనేకుల గొంతుల్లో రూపొందినది పరంపరాగతం. రాసుకోవలసినవారు రాసుకోని పేరు అనమోదితం. సూచికలు, సంకలనాలు ఈ భేదాన్ని పాటించడం సాధ్యమే. పరంపరాగత గేయానికి 'పాడినవారు, ఊరు, విన్నవారు, సంవత్సరం' అన్న నాలుగు గడులు చాలు. తన పేరు వద్దన్న గాయని ఉంటే, ఆమె కోరికపై పేరు దాచినట్లు రాయాలి. అప్పుడది గుప్తదానం వలె ఆమె ఎంపిక అవుతుంది. పాత సంకలనాలలో పేర్లు లేనిచోట 'సేకర్త నమోదు చేయలేదు' అన్న వాక్యమే సత్యానికి దగ్గర. ఈ నాలుగు స్థితులలో దేనికీ చెందదని పరిశీలించిన తరువాతనే 'అజ్ఞాతం' అన్న మాట వాడాలి. వాడినప్పుడు ఎవరికి అజ్ఞాతమో కూడా చెప్పాలి. అద్దంకి రాతి మీద ఎవరి పేరుండాలో నిర్ణయించే అధికారం నాటి శాసనకర్తలది. నేటి సంకలనాలలో ఆ అధికారం పరిశోధకుల చేతిలో ఉంది.