కొడిసెపాల: పేరు ఒకటి, ఋజువు మరొకటి

జిగట విరేచనములకు కొడిసెపాల బెరడు కషాయము భువనగిరి వంటి మెట్ట ప్రాంతములలో పెద్దలెరిగిన మందే. సంస్కృతములో ఈ చెట్టును కుటజమనియు, గింజలను ఇంద్రయవలనియు అంటారు. కుటజారిష్టము నేటికిని అంగళ్లలో దొరుకుచున్నది. దీనిని సమర్థించువారు తరచుగా ఒక వాదము తెత్తురు: వృక్షశాస్త్రజ్ఞులే ఈ చెట్టుకు ‘హోలరినా యాంటీడిసెంటెరికా’, అనగా రక్తగ్రహణిని పోగొట్టునది, అని పేరు పెట్టినారు గదా, ఇంక ఋజువెందుకు?

ఈ వాదము నిలువదు. జనులు చెప్పుకొను గుణమునకు శాస్త్రపు ముసుగు వేసినంత మాత్రమున అది ఋజువు కాదు. సింహళములో పుట్టి, నేడు తెల్లని పూలకై తోటలలో పెంచుచున్న రైటియా జాతి పొద ఒకదానికిని ‘యాంటీడిసెంటెరికా’ అనియే పేరు. పైగా కొడిసెపాలను ఇప్పుడు శాస్త్రజ్ఞులు ‘హోలరినా ప్యూబెసెన్స్’ అంటున్నారు. పేరు మారినందున మందు గుణము పోయినదా?

అసలు సాక్ష్యము వేరే ఉన్నది. ఈ బెరడు నుండి కొనెసీన్ అను ఆల్కలాయిడును 1858లో హెయిన్స్ వేరుచేసినాడు. తరువాత కలకత్తాలో రామ్‌నాథ్ చోప్రా, ఆయన సహచరులు దీని గుణములను పరిశోధించినారు. కొనెసీన్ అమీబాలపై పనిచేయుననుట నిజమే. అయితే దానిని పుచ్చుకొన్న రోగులలో కొందరికి నిద్ర పట్టకపోవుట, కలవరము, భ్రమలు కలిగినవి. 1966లో మెట్రానిడజోల్ శక్తి అమీబా గ్రహణిలో వెల్లడి అయిన పిమ్మట కొనెసీన్ వెనుకబడిపోయినది. మరొక సంగతి: శుద్ధిచేసిన కొనెసీన్ ఫలితమును, ఇంటిలో కాచిన కషాయమునకు అట్లే అంటగట్టరాదు. గిన్నెలోనికి ఎంత దిగినదో ఎవరు కొలిచినారు?

రక్తగ్రహణి ఒకే వ్యాధి కాదు. లోష్ 1875లో అమీబాను, షిగా 1897లో ఒక బాక్టీరియాను దీనికి కారణములుగా చూపినారు. బాక్టీరియా వలన వచ్చునది చాలమందిలో వారము నాళ్లలో తనంతట తగ్గును. మలమును సూక్ష్మదర్శినిలో చూడక, మందు పుచ్చుకొననివారితో పోల్చక ‘నూటికి ఇంతమందికి నయమైనది’ అనినచో, ఆ ఘనత బెరడుదో ప్రకృతిదో తేలదు.

ఇక బెరడు సంగతి. అంకుడు చెట్టు కూడ పాలు కారునదే. ఏటికొప్పాక బొమ్మలు చేయునది దాని కఱ్ఱతోనే. దాని బెరడును కొడిసెపాలగా అమ్ముట పాత మోసము. కొడిసెపాల బెరడు బాగుగా చేదు. అంకుడు బెరడుకు ఆ చేదు లేదు. రెంటికిని కాయలు జంటగానే వేలాడును గాని, అంకుడు కాయల కొనలు అతుకుకొని యుండును, కొడిసెపాలవి విడివిడిగా నుండును. గుట్టకు పోయిన విద్యార్థులు కంటితోనే చూడగల భేదమిది. మందు పనిచేయలేదని చెప్పిన పాత నివేదికలను చదువునపుడు, ఆ రోగులు త్రాగినది ఏ బెరడో మొదట అడుగవలసి యున్నది.

సరియైన పరీక్ష అసాధ్యము కాదు. బీబీనగరులో 2019 నుండి వైద్యవిద్య బోధించుచున్న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ భువనగిరికి చేరువలోనే యున్నది. రోగులందరికి నియమిత చికిత్సయు, ఉప్పు చక్కెర కలిపిన నీరును ఇచ్చి, సగము మందికి మాత్రము గుర్తించిన బెరడు పొడిని గొట్టపు బిళ్లలలో పెట్టి ఇవ్వవలెను. కషాయముగా ఇచ్చిరా, నాలుక తగిలిన మరుక్షణమే ఎవరికేది వచ్చినదో రోగికి తెలిసిపోవును!