ఆత్మపరిశోధన - కథాశ్రవణము

కథోలిక క్రైస్తవులు గురువు ఎదుట పాపములను ఒప్పుకొనే సంస్కారానికి తెలుగులో ‘పాపసంకీర్తనము’ అనే పేరున్నది. సంకీర్తనమనగానే మనకు స్ఫురించేది దైవస్తుతి. దానికి ముందు పాపశబ్దము చేరడం తొలిసారి విన్నవారికి వింతగా తోచవచ్చు. కాని లాటిన్ భాషలోని ‘కన్ఫెస్సియో’ పదానికి కూడ పాపాంగీకారము, దైవస్తుతి అనే రెండర్థములూ ఉన్నవి. పునీత అగస్టీను తన ఆత్మకథకు ఆ పేరు పెట్టినప్పుడు రెంటినీ ఉద్దేశించినాడు. అనువాదకునికి ఇంత సార్థకమైన మాట అరుదుగా లభిస్తుంది.

ఈ సంస్కారానికి ముందు చేయవలసినది ఆత్మపరిశోధన. దశాజ్ఞలను వరుసగా తలచుకొని, దేనిని మీరినామో లెక్క చూచుకోవడం చిరకాలంగా ఉన్న పద్ధతి. అది అవసరమే. అయితే పట్టిక ఎదుట కూర్చున్న మనిషి తన పక్షాన తానే వకీలు అవుతాడు. 1973లో సంస్కరింపబడిన పూజావిధిలో బైబిలు పఠనానికి చోటు కల్పించడంలోని ఔచిత్యము ఇక్కడ తెలుస్తుంది. కథ ఆ వకీలుకు అవకాశమివ్వదు.

సమూయేలు రెండవ గ్రంథములో, ఊరియా భార్యను చేపట్టి అతనిని యుద్ధంలో చంపించిన దావీదు వద్దకు నాతాను ప్రవక్త వస్తాడు. నేరము మాట ఎత్తడు. ఎన్నో మందలుండి కూడ, పేదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాగుకొని అతిథికి వండిపెట్టిన ధనికుని కథ చెబుతాడు. రాజు మండిపడి, వాడు మరణార్హుడని తీర్పు చెప్పిన తరువాత గాని ఆ ధనికుడు తానేనని తెలుసుకోడు. అప్పుడతడు పలికిన ఒప్పుకోలు హీబ్రూ మూలంలో రెండే మాటలు. వాదనకు తావు లేనప్పుడు వాక్యము పొడుగు కాదు.

లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడు తండ్రితో చెప్పవలసినది ముందే కూర్చుకుంటాడు: తాను పాపినని, కొడుకు అనిపించుకో తగనని, కూలివానిగా ఉంచుకొమ్మని. తీరా ఎదుట నిలిచినప్పుడు, ఎక్కువ అనువాదములు అనుసరించే పాఠములో, ఆ మూడవ మాట లేదు. అంతలోనే తండ్రి మేలైన వస్త్రము తెమ్మంటాడు. బేరమువంటి మాట ఒక్కటే రాలిపోయినది. సిద్ధపడడం వ్యర్థము కాలేదు. క్షమ దానిని మించినది.

అయితే చదివి కరగిపోవడమే పశ్చాత్తాపమనుకొనే ప్రమాదమున్నది. సాహిత్యపాఠకులకు అది మరీ సులభము. నేను నాతాను కథను ఎన్నోసార్లు చదివినాను. ఆ ధనికునిలో చాలకాలము ఇతరులనే చూచినాను. కథ విని కోపగించినంతవరకు దావీదు సహృదయుడు మాత్రమే. వ్రేలు తనవైపు తిరిగినప్పుడు తల వంచినాడు గనుకనే పశ్చాత్తప్తుడైనాడు. ఆ సందర్భానికి చెందినదని సంప్రదాయము చెప్పే యాభై యొకటవ కీర్తన విన్నపముతో మొదలై స్తుతిని చేరుకుంటుంది. మన ‘సంకీర్తన’ శబ్దము ఆ దారినే చూపుతున్నది.