కవయిత్రుల అవతారికలు

తెలుఁగు కావ్యములకు అవతారిక ద్వారబంధము వంటిది. కవి కథలోనికిఁ బోవుటకు ముందచ్చట నిలిచి వంశమును, గురువును, పూర్వకవులను పేర్కొని, తన్ను గూర్చియు నాలుగు మాటలు చెప్పుకొనును. ఆ మాటలు రెండు తెఱఁగులు: వినయము, గర్వము. రెండును సంప్రదాయసిద్ధములే. కాళిదాసు రఘువంశారంభమునఁ దెప్పతో సముద్రమును దాటఁబూనువానితోఁ దన్నుఁ బోల్చుకొనెను; అంతమాత్రమున మల్లినాథుఁ డాయన పాండిత్యమును శంకింపలేదు. తన సమానధర్ముఁడు ఎప్పుడో యొకప్పుడు పుట్టక పోఁడని భవభూతి సమకాలికులను ధిక్కరించెను. అది శీలదోషమని యెవరు ననలేదు. ఆంగ్లమున మిల్టను మహాకవియు తా నెత్తుకొన్న కార్యము పూర్వ మెవరును దలపెట్టనిదని చాటుకొనెను. మన నన్నయభట్టు తన జపహోమములను, శాస్త్రపరిజ్ఞానమును తానే చెప్పుకొనెను. శ్రీనాథుని సంగతి చెప్పనక్కఱయే లేదు.

ఇంతవఱకు వివాదము లేదు. అవతారికలో మాటలాడునది స్త్రీ యైనప్పుడే చిక్కు వచ్చుచున్నది. మన విమర్శకులలోఁ బెక్కండ్రు కవయిత్రి వినయమును జీవితచరిత్రముగాఁ జదివిరి. ఆమె గర్వమును నేరముగాఁ జదివిరి.

మొదట మొల్లను జూతము. గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుని వరముచేతఁ గవిత చెప్ప నేర్చితిననియు, తక్కిన విద్య తనకుఁ దెలియదనియు నామె పీఠికలోఁ జెప్పినది. బడిపిల్లవానిని మొల్లను గూర్చి యడుగుఁడు. "చదువుకొనలేదు, దేవుని దయవలన రామాయణము వ్రాసినది" అని వెంటనే చెప్పును. ఆ సమాధానమునకు మార్కులు వేయువారము మేమే. కాని యా పద్యమును నిదానముగాఁ జదివినవారికి వేఱొకటి కనఁబడును. తనకుఁ దెలియని వానిని మొల్ల వరుసగా లెక్కించినది: సంధులు, సమాసములు, విభక్తులు మొదలుగా నాలంకారికుల మాట లన్నియు నందున్నవి. నిజముగాఁ దెలియనివారి కిన్ని పేళ్లు తెలియవు. అంతటితో నాగక, కావ్య మెట్లుండవలెనో కూడ నామె విధించినది. అర్థము కొఱకుఁ దడవులాడ నక్కఱలేకుండ, తేనె తగిలిన నాలుకకు వలెఁ జదువరికి వెంటనే రుచింపవలెనట. గూఢశబ్దములు కూర్చినది మూగయుఁ జెవిటియుఁ గలిసి మాటలాడుకొన్నట్లుండునట. ఇది ప్రౌఢకవుల పద్ధతిపైఁ దీర్పు. తీర్పు చెప్పునది విద్యావిహీన యనుట యెట్లు?

పోతనామాత్యుఁడు తనది సహజపాండిత్యమని స్కంధాంతగద్యములలోఁ జెప్పుకొనఁగా నది యాయనకు బిరుదమయ్యెను. దానికి సమమైన మాట మొల్ల నోట వచ్చినప్పుడు, పాపము, చదువులేని యాఁడుది యని మనము జాలిపడితిమి. మాట యొకటియే, ఒకరికిఁ గిరీటము, ఒకరికి భిక్ష.

తరిగొండ వెంగమాంబకును (1730-1817) ఇట్లే జరిగినది. చిన్ననాట గురువునొద్ద నక్షరములు నేర్వలేదనియు, స్వామియే తనచేఁ బలికించెననియు నామె చెప్పుకొన్నది. కాని యామె రాజయోగసారమును, వాసిష్ఠరామాయణమును రచించినది. వాసిష్ఠము వేదాంతగ్రంథము, అందలి విషయమును దెలుఁగుపద్యములలోఁ బెట్టుటకు భక్తి యొక్కటియే చాలదు. మన మామెను భక్తురాలిగాఁ బూజించి, తత్త్వవేత్తగాఁ జదువుట మానితిమి. పూజ చేయుట సులభము.

ఇఁక ముద్దుపళని. ఈమె తంజావూరి ప్రతాపసింహమహారాజు (1739-63) ఆస్థానమునందలి వారాంగన. సంగీత సాహిత్యములలో దిట్ట. ఈమె రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల ప్రబంధము, 584 పద్యములు. అవతారికలో నీమె తన యవ్వ తంజనాయకిని మొదలుకొని తనవారిని గొనియాడినది. పిదపఁ దన్ను గూర్చి చెప్పుకొన్నది: పండితులను ధనముతో సత్కరించిన స్త్రీ, కృతులు అంకితముగా నందుకొన్న స్త్రీ, కళలన్నింటఁ బేరొందిన స్త్రీ తనవారిలోఁ దనవలె మఱెవ్వరని ప్రశ్నించినది. కృతి నందుకొనుట రాజులకును, దండనాథులకును జెందిన గౌరవము. ముద్దుపళని కృతికర్త్రియు, కృతిభర్త్రియు నై నిలిచినది. అంతకు ముందు శతాబ్దమునఁ దంజావూరిలోనే విజయరాఘవనాయకునిచేఁ గనకాభిషేకము పొందిన రంగాజమ్మ యా సంగతిని దన కృతులలోఁ జెప్పుకొన్నది గనుక, ఇట్టి ధీరత్వ మచ్చటఁ గొత్తదియుఁ గాదు.

కథయందు నీమె యెత్తిన చిక్కు గమనింపఁదగినది. ప్రబంధనాయిక లందఱును సవతులను జూచి యసూయపడుదురు. ఈ రాధ యిలాకన్యను దానే పెంచి, పెద్దచేసి, తానే యలంకరించి కృష్ణున కప్పగించి, ఆ రాత్రి తానే కుమిలిపోవును. తన యౌదార్యమే తనకు శత్రువైన స్త్రీహృదయ మిది. కృష్ణుఁడు బ్రతిమాలవలసివచ్చినది పరాయిదాని మత్సరమును గాదు, తన సుఖమునకై యంత పని చేసిన దాని దుఃఖమును. ఇట్టి నాయికను మన ప్రబంధకవులలో వేఱెవ్వరును జిత్రించినట్లు నాకుఁ దోఁపదు. శృంగారవర్ణనలు మితిమీఱిన చోట్లు లేవా? ఉన్నవి. అవి యే ప్రబంధమున లేవు?

కందుకూరి వీరేశలింగము పంతులుగా రాంధ్రకవుల చరిత్రమున నీమె భాషాపాండిత్యము నంగీకరించియు, స్త్రీ వినరానివియు, స్త్రీ నోట రాఁగూడనివియు నగు భాగములు గ్రంథమునం దున్నవని గర్హించి, ఆమె కులవృత్తిని గూడ నెత్తిపొడిచిరి. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించినది, 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించినది ఈ పంతులుగారే. ఆయన యభిప్రాయమును దేలికగాఁ ద్రోసివేయరాదు. అప్పుడప్పుడే చదువ నేర్చిన కులస్త్రీల చేతులకు ముద్రితగ్రంథములు వచ్చుచున్నవి. స్త్రీలు చదివినచోఁ జెడిపోవుదురని ఛాందసులు గోల పెట్టుచుండఁగా, వారికి సాక్ష్యము దొరకునేమో యను భయ మాయనకుఁ గలిగి యుండవచ్చును. అయిన నా భయము పురుషులు వ్రాసిన ప్రబంధములపై నేల కలుగలేదు? విప్రనారాయణుని వేశ్యాలోలత్వమే కథగాఁ గల వైజయంతీవిలాసమును స్వయముగాఁ బరిశీలించి ముద్రణమున కనుమతించినది పంతులుగారే. ఈ మాట నాది కాదు. 1910లో రాధికాసాంత్వనమును బరిష్కరించి వావిళ్లవారిచేఁ బ్రకటింపించిన బెంగుళూరు నాగరత్నమ్మ పీఠికలో నడిగినది. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యనియు నడిగినది. దానికి సరియైన సమాధానము నే నెచ్చటను జదువలేదు. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించిన యీ విదుషీమణిని సంగీతలోక మెఱుఁగును. పాఠపరిష్కర్త్రిగా నామెను సాహిత్యలోకము తగినట్లు గుర్తింపలేదు.

పరిష్కర్త్రి యనుటకుఁ గారణ మున్నది. 1887లో పైడిపాటి వెంకటనరసు ప్రకటించిన ప్రతియందు ముద్దుపళని యవతారిక లేదు. కొన్ని పద్యములును లోపించినవి. నాగరత్నమ్మ వ్రాఁతప్రతిని సంపాదించి చూచిన పిమ్మట నీ లోపము బయటపడినది. ఇచ్చట నాకొక సంగతి తోఁచుచున్నది. 1911లో దొరతనమువా రశ్లీలమని యీ గ్రంథమును నిషేధించిరి. దానికి 24 సంవత్సరములకు ముందే, ఏ చట్టము నడుగకయే, దీనినుండి మనవారు తొలఁగించినది శృంగారము కాదు. అవ్వ పేరు, కవయిత్రి తన్ను గూర్చి చెప్పుకొన్న మాటలు. శృంగార మధికభాగ మచ్చునఁ బడియే యున్నది. ఆ ప్రతిని జదివినవానికిఁ గావ్యమున్నది, కర్త్రి లేదు.

ప్రకాశం పంతులుగారి మంత్రివర్గ కాలమున, 1947లో, నిషేధము తొలఁగినది. 1952లో వావిళ్లవారు గ్రంథమును మరల ముద్రించిరి. ఆ సంవత్సరమే నాగరత్నమ్మ కాలధర్మము నొందినది.

నేను బోధించిన వాచకములలో మొల్ల వినయపద్యము పలుమాఱులు వచ్చినది. ముద్దుపళని యవతారిక యొక్కసారియు రాలేదు. రాధాకృష్ణుల కేళి యందు లేదు. ఒక స్త్రీ తన విద్యను దాను లెక్కపెట్టుకొనుట మాత్రమే యున్నది. ఈ యేడు పదవతరగతివారికి రెండును నల్లబల్లపైఁ బ్రక్కప్రక్కన వ్రాసి, కవుల పేళ్లు చెప్పక, వీనిలో స్త్రీ రచించిన దేదని యడిగితిని. మగపిల్లలును ఆఁడుపిల్లలును నందఱు మొల్ల పద్యమునే చూపిరి.