వేలికీ మౌస్‌కీ ఒకటే కర్సర్

రెండు మానిటర్లు పెట్టి, అందులో ఒకటి టచ్‌ది తెచ్చుకుంటే పని పరిగెడుతుందని మా లైన్లో చాలామంది ఆశ. కానీ విండోస్‌లో మానిటర్లు ఎన్నున్నా కర్సర్ ఒక్కటే. కుడిచేత్తో మౌస్ పట్టుకుని పెళ్లికూతురి ఫొటో అంచు కత్తిరిస్తూ, ఎడమచేత్తో పక్క స్క్రీన్ మీద ఇంకో ఫొటో నొక్కామా, కర్సర్ అటే పోతుంది. మౌస్ కదిపితే బాణం గుర్తు వేలు పెట్టిన చోటే లేస్తుంది. కీబోర్డూ దాని వెంటే. కంట్రోల్ జెడ్ కొడితే ఆ విండోలో పడుతుంది.

గూడూరులో పెళ్లిపత్రికలు, ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు చేసుకు బతికే మాబోటివాళ్లకు మొదటి తిప్పలు కేబుల్‌తోనే. బొమ్మకు హెచ్‌డీఎంఐ, టచ్‌కు యూఎస్‌బీ, రెండూ గుచ్చాలి. గుచ్చాక కుడి స్క్రీన్ తాకితే ఎడమ స్క్రీన్‌లో క్లిక్ పడుతుంది! కంట్రోల్ ప్యానెల్‌లో టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్ తెరిచి సెటప్ నొక్కాలి. తెల్లటి తెర వచ్చి, టచ్ స్క్రీన్ ఇదేనా అని అడుగుతుంది. కాకపోతే ఎంటర్, అయితే వేలు. అంతే, కుదురుతుంది.

అసలు కిటుకు ఏ చేతికి ఏ పని అన్నదాంట్లో ఉంది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను లోకానికి చూపించినప్పుడు, ఆయన ఎడమచేతి కింద ఐదు మీటల చిన్న పలక ఉండేది. ఆ చెయ్యి ఆజ్ఞలిస్తే కుడిచెయ్యి చోటు చూపేది. మౌస్ నిలిచింది, పలకను అందరూ మర్చిపోయారు. 1987లో ఈవ్ గియార్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు ఇంకా సూటిగా చెప్పాడు: కుడిచేతివాటం మనిషి రాసేటప్పుడు ఎడమచెయ్యి ఊరకే ఉండదు, కాగితాన్ని జరుపుతూ పట్టు ఇస్తుంది, సన్నపని కుడిది.

నా బల్ల మీద ఇదే లెక్క. టచ్ స్క్రీన్‌ను నిలువుగా కాక, కీబోర్డుకు ఎడమపక్కన వాలుగా పడుకోబెట్టాను. ఎదురుగా నిలబెట్టిన స్క్రీన్‌ను గంటసేపు తాకితే భుజం పట్టేస్తుంది. 2010లో స్టీవ్ జాబ్స్ మ్యాక్‌లకు టచ్ వద్దన్నదీ ఇందుకే. నా టచ్ స్క్రీన్‌లో ఉండేది పార్టీ (పని ఇచ్చినవాళ్లు) వాట్సాప్‌లో పంపిన మేటరు, ఫొటోల ఫోల్డరు. అవి జరపడం, పెద్దవి చెయ్యడం వేలి పని. దీర్ఘాలు, గుణింతాలు, కోరల్‌డ్రాలో నోడ్‌లు మౌస్ పని. వేలు పెడితే దాని కిందే నోడ్ దాక్కుంటుంది మరి. రెండు చేతులూ ఒకేసారి ఆడించకుండా, ఒక ముక్క ముగిశాకే రెండో స్క్రీన్ తాకడం అలవాటైంది. లినక్స్ వాడేవాళ్లకు ఎక్స్ సర్వర్‌లో 2009 నుంచే రెండు కర్సర్లు పెట్టుకునే వీలుంది. మేం పేజీలు కట్టే పేజ్‌మేకర్ మాత్రం విండోస్‌ది. వేలినీ అది మౌస్ అనే అనుకుంటుంది: తాకి లాగితే డ్రాగ్, నొక్కి ఉంచితే రైట్ క్లిక్.

ఇన్ని చెప్పినా, టచ్‌కు పెద్ద గండం ప్రూఫ్ చూడటానికి వచ్చే పార్టీ. పత్రిక బాగా కనపడాలని ఆ స్క్రీన్‌ను వాళ్లవైపు తిప్పుతామా, "ఈడ చూడు సామీ, మా నాయన పేర్లో దీర్ఘం పోయింది" అంటూ వేలితో పొడుస్తారు. దీర్ఘం ఉన్నచోటే ఉంటుంది, తాంబూలం బొమ్మ మాత్రం ముహూర్తం మీదికి జరుగుతుంది. వెనకున్న బామ్మర్ది "ఆడ కాదు బావా, ఈడ" అని ఇంకో వేలు పెడితే పేజీ అంతా చిన్నదైపోతుంది. చెప్తే నొచ్చుకుంటారు. అందుకని పార్టీ మెట్లెక్కుతున్న అలికిడికే యూఎస్‌బీ కేబుల్ పీకేస్తాను. బొమ్మ అలాగే ఉంటుంది, టచ్ చచ్చిపోతుంది. ఈమధ్య ఒక కుర్రాడు పెద్దది చేద్దామని రెండు వేళ్లతో లాగి లాగి చూసి, "మీ స్క్రీన్ పాడైపోయిందన్నా, మా ఫ్రెండు బాగుచేస్తాడు" అని నంబరు కూడా రాసిచ్చి పోయాడు.