హ్యారీ బర్న్స్ తొడుక్కున్న బట్ట

దీపావళి రాత్రి మన ఇళ్ళలో పిల్లల్ని నైలాన్ వేసుకోనివ్వరు. నూలుబట్ట అంటుకుంటే కాలుతుంది. నైలాన్ మాత్రం కరిగి చర్మాన్ని పట్టుకుంటుంది. చిత్రమేమిటంటే, ఆల్బర్టా చమురు బావుల దగ్గర పనివాళ్ళు తొడుక్కునే నోమెక్స్ కవరాల్ ఆ నైలాన్‌కి దాయాదే. 1960ల్లో డూపాంట్ సంస్థ తెచ్చిన ఈ పోగు అణువుల్లో బెంజీన్ వలయాలుంటాయి. అందుకే కరగదు, మంట తగిలితే ఉబ్బి, మందమై, బొగ్గవుతుంది. ఇదే పోగుతో చేసిన ఫెల్టుకు సిలికోన్ పూసి, అమెరికా స్పేస్ షటిల్ రెక్కల పైభాగాన వేడి 370 డిగ్రీల సెల్సియస్ దాటని చోట్ల అతికించారు.

అంతరిక్షానికి వెళ్ళొచ్చినంత మాత్రాన ఆ పోగు మనిషిని కాపాడుతుందని నమ్మేయలేం. ఆ సంగతి తేల్చేది ఎడ్మంటన్‌లో, ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారి రక్షణ దుస్తుల ప్రయోగశాలలో ఉన్న నిలువెత్తు బొమ్మ. పేరు హ్యారీ బర్న్స్. (బర్న్స్ అంటే కాలిన గాయాలు; పేరు పెట్టినవాళ్ళకు హాస్యం బాగానే ఉంది.) ఒళ్ళంతా 110 సెన్సర్లు. కవరాల్ తొడిగి, చుట్టూ ప్రొపేన్ మంట వదులుతారు: చదరపు మీటరుకు సుమారు 84 కిలోవాట్లు, మూడు నాలుగు సెకన్లు. ఎక్కడెక్కడ రెండో డిగ్రీ, ఎక్కడ మూడో డిగ్రీ గాయమయ్యేదో కంప్యూటర్ లెక్క కడుతుంది.

నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి నిమిషం. మంట ఆరినా కొలత ఆపరు. పొయ్యి కట్టేశాక కూడా పెనం మీద అట్టు మాడినట్టు, బట్టలో నిలవున్న వేడి ఒంట్లోకి దిగుతూనే ఉంటుంది. మందం పెంచితే మంట లోపలికి రావడం ఆలస్యమవుతుంది గానీ, మందపు బట్ట దాచుకునే వేడి కూడా ఎక్కువే. ఒంటికీ బట్టకీ నడుమ కొన్ని మిల్లీమీటర్ల గాలి ఉంటే అదీ కవచమే. భుజాల మీద బట్ట ఒంటికి ఆనుకుంటుంది కనుక అక్కడ ఆ గాలి ఉండదు. ఆ లెక్కన వదులుగా కుట్టే దర్జీ కూడా ప్రాణరక్షకుడే.

కుట్టులోనే కాదు, పోగుల కలనేతలోనూ ఇలాంటి లెక్కే ఉంది. నోమెక్స్ త్రీ-ఏ రకంలో నూటికి 93 పాళ్ళు నోమెక్స్, 2 పాళ్ళు స్థిర విద్యుత్తును పోనిచ్చే పోగు. మిగిలిన 5 పాళ్ళు కెవ్లార్ అనే పోగు. బొగ్గైన బట్ట చిట్లి ఒళ్ళు బయటపడకుండా పట్టి ఉంచేది అదే.

అయితే ఎండకు, వేడికి, ఉతుకులకు ఈ బట్టలూ నీరసిస్తాయి, పైకి కొత్తగానే కనిపిస్తూ. అందుకే ఆ విశ్వవిద్యాలయం పరిశోధకులు అగ్నిమాపక దుస్తులకు ఒక చిన్న అతుకు తయారుచేశారు. దాని మీద కరెంటు పారే గ్రాఫీన్ గీత ఉంటుంది. బట్టతో పాటే అతుకూ పాడైతే గీత తెగి, కరెంటు పారదు. మీటరు ఆనించి చూస్తే చాలు, ఆ కోటు ఇక మంటల్లోకి తొడుక్కెళ్ళేది కాదని తెలిసిపోతుంది.