ఐదు తీగలు, ఒక ఎర్త్

మే నెల ఎండలో, పంజగుట్ట చౌరస్తాలో, ఏసీ వేసుకుని సిగ్నల్ కోసం ఆగిన టర్బో కారు ఐడిల్‌లో వణక్కుండా నిలబడిందంటే మెచ్చుకోవాల్సిందే. కంపెనీ సెన్సర్ పోయి, బయట కొన్న ఎయిర్‌ఫ్లో సెన్సర్ బిగించిన కారైతే ఆ మెప్పు ఇంజన్‌కి కాదు, వైరింగ్ చేసిన చేతికి దక్కాలి. పైకి కనిపించేది ఒక కప్లర్, ఐదు తీగలు. అరగంట పనిలా ఉంటుంది. నికార్సైన కార్ ఎలక్ట్రీషియన్ మాత్రం దానికి రెండు రోజులు అడుగుతాడు.

ఇంజన్ ఎంత గాలి పీల్చిందో తూచి కారులోని కంప్యూటర్‌కి చెప్పడం ఈ సెన్సర్ కొలువు. గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి లెక్క తెలిస్తేనే పెట్రోలు లెక్క తేలుతుంది. 1970ల్లో బాష్ వాళ్ల ఎల్-జెట్రానిక్‌లో గాలి తోసే రెక్క ఉండేది. తర్వాత ప్లాటినం తీగ వచ్చింది, ఇంజన్ ఆపగానే దాన్ని ఎర్రగా కాల్చి పట్టిన మురికి వదిలించేవారు. ఇప్పుడున్నది వేడి పొర: గాలి దాన్ని చల్లబరుస్తుంటే ఆ వేడిని నిలబెట్టడానికి పడే పాటే గాలి కొలత. చరిత్ర ఈపాటి చాలు, పనితనం దగ్గరికి వద్దాం.

2004లో మన దేశానికొచ్చిన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్‌నే తీసుకోండి. 1.8 లీటర్ల ఇంజన్, టర్బో, 150 హార్స్‌పవర్. ఇక్కడివాళ్లకి టర్బో పెట్రోలు రుచి మప్పిన కారు అది. దాని బాష్ సెన్సర్‌కి ఐదు పిన్నులు. ఒకటోది లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రత కోసం పెట్టింది, రెండోదానికి 12 వోల్టుల కరెంటు, మూడోది ఎర్త్, నాలుగోదానికి కంప్యూటర్ పంపే 5 వోల్టులు, ఐదోది సిగ్నల్. గాలి కదలనప్పుడు సిగ్నల్ దాదాపు ఒక వోల్టు ఉంటుంది, గాలి పెరిగేకొద్దీ పైకెక్కుతుంది. తొందరపడే కుర్రవాడు మూడో తీగని దగ్గర్లోని బాడీ బోల్టుకి చుట్టేస్తాడు. అక్కడే కొంప మునుగుతుంది. హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాన్, ఏసీ క్లచ్ అన్నీ బాడీలోంచే కరెంటు వెనక్కి పంపుతాయి. ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ఆ బోల్టు దగ్గర వోల్టులో చిన్న భాగం అటూ ఇటూ అవుతుంది. ఐడిల్‌లో సెన్సర్ మాట్లాడే భాషంతా అలాంటి చిన్న తేడాల్లోనే కదా! అందుకే చేయి తిరిగినవాడు ఎర్త్ తీగని కంప్యూటర్ తన సెన్సర్ల కోసం ఉంచిన ఎర్త్ దాకా తీసుకెళ్తాడు. సిగ్నల్‌కి షీల్డ్ తీగ వాడి, ఆ షీల్డ్‌ని ఒక్క కొసలోనే ఎర్త్ చేస్తాడు. రెండు కొసలూ కలిపితే షీల్డే కరెంటు మోసే దారవుతుంది. ఇగ్నిషన్ కాయిళ్లకి, ఆల్టర్నేటర్‌కి దూరంగా తీగని తిప్పి కట్టిన తీరు చూస్తే పూలజడ గుర్తొస్తుంది, అతిశయోక్తి అనుకున్నా సరే.

అతుకు విషయంలో రెండు వర్గాలున్నాయి. సాల్డరింగే గట్టిదని ఒకరు, క్రింపింగే మేలని ఇంకొకరు. ఈ వ్యాసం క్రింపింగ్ పక్షం. కరిగిన సాల్డర్ పోగుల్లోకి పాకి, పాకినంత మేరా తీగని బిరుసు చేస్తుంది. గుంతల్లో అదిరీ అదిరీ సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది.

అసలు గొప్పతనం వేరే కంపెనీ సెన్సర్‌ని పెట్టడంలో ఉంది. అమెరికాలో మిత్సుబిషి ఎక్లిప్స్ టర్బో యజమానులు దీన్ని ఒక విద్యగా పెంచారు. ఆ కార్ల సెన్సర్ గాలిలో పుట్టే సుడులు లెక్కపెట్టి పల్సుల్లో చెబుతుంది. ఎక్కువ పవర్ కోసం టర్బో మార్చినవారికి అది చాలక, జనరల్ మోటార్స్ వారి హాట్‌వైర్ సెన్సర్ తెచ్చి, మధ్యలో ఒక దుబాసీ పెట్టెని కూర్చోబెట్టారు. ఇంజన్ కంప్యూటర్‌కి పాత భాషే వినపడుతుంది, గాలి మాత్రం కొత్త గొట్టంలో పోతుంది.

పెద్ద గొట్టం పెడితే లెక్క మారుతుందని చాలామంది మరిచిపోతారు. 70 మిల్లీమీటర్ల గొట్టంలోని సెన్సర్‌నే 80 గొట్టంలో పెడితే నోటి వైశాల్యం సుమారు 31 శాతం పెరుగుతుంది. అదే వోల్టేజీకి అంత ఎక్కువ గాలి పోతున్నా కంప్యూటర్‌కి పాత లెక్కే తెలుసు, పెట్రోలు తక్కువ పోస్తుంది. కంప్యూటర్ లోపలి పట్టిక తిరగరాయనిదే ఆ బండి రోడ్డెక్కకూడదు. టర్బో ఒత్తిడిని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టి ‘స్స్’ మనిపించే సరదా ఉన్నవారికీ ఒక మాట: సెన్సర్ ఒకసారి లెక్కపెట్టిన గాలిని బయటికి వదిలేస్తే, లేని గాలికి పెట్రోలు పడుతుంది. నల్లపొగ, ఆగిపోయే ఇంజన్ అందుకే.

ఇక డూప్లికేట్ల సంగతి. అచ్చం ఒరిజినల్ డబ్బా, అచ్చం అదే స్టిక్కర్. ఐడిల్‌లో చిన్న తేడాని ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటర్ సర్దేస్తుంది కాబట్టి కొన్నవాడు ‘ఒరిజినల్‌లాగే ఉంది’ అని మురుస్తాడు. 150 హార్స్‌పవర్ పూర్తిగా లాగేటప్పుడు సెకనుకి దాదాపు 120 గ్రాముల గాలి పోవాలి. అక్కడ నకిలీ సెన్సర్ తక్కువ చెబితే మిశ్రమం పలచబడి, ఇంజన్ నాక్ అయ్యి, పిస్టన్ కరగొచ్చు. వందల రూపాయల ‘పవర్ చిప్’ మరీ దగా. చాలావాటిలో ఉండేది ఒక రెసిస్టర్, గాలి చల్లగా ఉందని కంప్యూటర్‌కి చెప్పే అబద్ధం. అది అమ్మేవాణ్ణి మెకానిక్ అనడం మెకానిక్‌లకి అవమానం.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ గోడలు కనిపించకుండా జావా, క్లౌడ్, టెస్టింగ్ కోర్సుల బోర్డులు వేలాడుతుంటాయి. కంప్యూటర్ చెప్పిన మాట విని బాగుచేసే ఈ పనీ కంప్యూటర్ పనే. దీనికి అక్కడ బోర్డు లేదు, నేర్చినవాళ్లలో చాలామందికి సర్టిఫికెట్ లేదు, ఉస్తాద్ పక్కన నిలబడి టార్చిలైట్ పట్టుకున్న ఏళ్లే చదువు. ఆ కుర్రవాళ్లు కూడా ఇప్పుడు డెలివరీ బండెక్కుతున్నారంటే తప్పెవరిది? అతుక్కి వంద రూపాయలు బేరమాడే మనదే.

ఎలక్ట్రీషియన్ అడిగిన ఆ రెండో రోజు దేనికంటారా? రాత్రంతా చల్లారిన ఇంజన్‌ని పొద్దున స్టార్ట్ చేసి చూడాలి. మధ్యాహ్నం అమీర్‌పేట మెట్రో కింద ట్రాఫిక్‌లో కాగిన ఇంజన్‌ని ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయాలి. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలులో చేసే సర్దుబాటు) సున్నాకి దగ్గర్లో నిలిచిందా, ఫ్యాన్ తిరిగినప్పుడు ఉలిక్కిపడిందా చూసుకోవాలి. బండి ఇవాళే కావాలని అతని నెత్తిన కూర్చోకండి. ఆ రోజు కూలీ కూడా ఇచ్చి రండి.